పత్తి చేనులో ఎక్కిన మందు: పారాసింపథెటిక్ నాడులు అదుపు తప్పిన ఒక కేసు

42 ఏళ్ళ పత్తి రైతు, నర్సంపేట వైపు పల్లె. బీపీ, షుగర్ లాంటివేమీ లేవు. 2022 వానాకాలం, సెప్టెంబర్ నెల. పొద్దున్నుంచి చేనుకు పురుగుమందు కొట్టి, మధ్యాహ్నం దాటాక వాంతులు మొదలై, చీకటి పడే వేళకు హన్మకొండలో నేను పనిచేసే ఆసుపత్రి ఎమర్జెన్సీకి చేరాడు. ఈ వివరాలు రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. గుర్తుపట్టే ఆనవాళ్ళు తీసేశాను.

వరంగల్ చుట్టుపక్కల పనిచేసే డాక్టర్లకు ఓపీ కేసు కొత్తేమీ కాదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు విషం ఎక్కిన మనిషిని మా వార్డుల్లో అట్లాగే అంటాం. అయినా ఈ ఒక్క కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య ఫోన్లలో తిరిగే ఆరోగ్య సలహాల్లో పారాసింపథెటిక్ అనే మాట బాగా వినిపిస్తోంది. ఒళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండెను నెమ్మదింపజేసి, గ్రంథులనూ పేగులనూ నడిపే నాడులవి. నిదానంగా ఊపిరి పీల్చి వదలండి, పారాసింపథెటిక్‌ను పెంచుకోండి, ఒళ్ళూ మనసూ నెమ్మదిస్తాయి అంటారు. ఊపిరి సంగతి నిజమే. గాలి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకూ పేగులకూ దిగే వేగస్ నాడి పట్టు పెరిగి గుండె కాస్త నెమ్మదిస్తుంది, నాడి పట్టుకుని ఎవరైనా చూసుకోవచ్చు. అయితే ఈ నాడులు ఎంత ఎక్కువగా పనిచేస్తే అంత మేలు అనుకోవడం మాత్రం సరికాదు. ఈ రైతు ఒంట్లో అవి కొన్ని గంటల పాటు ఆపే దిక్కు లేకుండా పనిచేశాయి. తన ఊపిరితిత్తుల్లో ఊరిన నీళ్ళలోనే ఆయన మునిగిపోయే స్థితి వచ్చింది.

తీసుకొచ్చినప్పుడు

భార్య చెప్పింది ఇది: "పొద్దుగాల్ల ఏడు గొట్టంగ పోయిండు సారు. ఎండెక్కినంక నెత్తి నొస్తుంది, కండ్లు మసక మసక అయితున్నయన్నడు. ఇంక రెండు పంపులే ఉన్నయ్, అయిపోగొట్టి వస్తనన్నడు. ఇంటికొచ్చి కూసున్నడో లేదో కక్కుడు వెట్టిండు."

ఊళ్ళో వైద్యం చేసే ఆయన ఎండదెబ్బ అనుకుని సెలైన్ ఎక్కించి, వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చాడు. సెప్టెంబర్ ఉక్కపోతలో, రోజంతా చేన్లో తిరిగిన మనిషికి చెమటలు కారుతుంటే అట్లా అనుకోవడంలో వింతేం లేదు. సెలైన్ సగం ఎక్కేసరికి నోట్లోంచి నురగ రావడం మొదలైంది. అప్పుడు 108కి ఫోన్ చేశారు.

మా దగ్గరికి వచ్చేసరికి మనిషి పిలిస్తే మూలుగుతున్నాడు, మాట రావడం లేదు. నాడి నిమిషానికి 48. బీపీ 90/60. ఊపిరి నిమిషానికి 32 సార్లు. ఆక్సిజన్ 81 శాతం. రెండు కనుపాపలూ మిల్లీమీటరు సైజుకు ముడుచుకుపోయి ఉన్నాయి, టార్చి వేసినా కదలిక లేదు. కళ్ళ నుంచి నీళ్ళు, నోటి నుంచి లాలాజలం ఆగకుండా కారుతున్నాయి. ఒళ్ళంతా చెమట. లుంగీలోనే మూత్రం, విరేచనం అయిపోయాయి. స్టెతస్కోపు పెడితే రెండు ఊపిరితిత్తుల్లోనూ పైనుంచి కింది దాకా బుడబుడమని తడి చప్పుడు, దానితో పాటు పిల్లికూతలు. పిక్కల మీద, రెప్పల మీద కండరాలు చిన్నచిన్నగా అదురుతున్నాయి. దగ్గరికి వంగితే ఘాటైన మందు వాసన.

ఒంటి మీద అదే బనీను, అదే లుంగీ, వీపు వైపు ఇంకా తడి. అంటే విషం అప్పటికీ ఎక్కుతూనే ఉంది.

తల నుంచి కిందికి

ఈ మనిషిని తల నుంచి కిందికి చూస్తూ పోతే పారాసింపథెటిక్ వ్యవస్థ పటం మొత్తం కనబడుతుంది. మెడికల్ విద్యార్థులకు నేను దీన్ని మంచం పక్కనే నిలబెట్టి చెబుతాను. ఈ నాడులు రెండు చోట్ల నుంచే బయల్దేరుతాయి. మెదడు కాండం నుంచి 3, 7, 9, 10వ కపాల నాడుల వెంట కొన్ని, వెన్నుపాము చివర త్రికాస్థి భాగంలో 2, 3, 4వ మెట్ల నుంచి కొన్ని. మధ్యలో ఉన్న ఛాతీ, నడుము భాగాల వెన్నుపాము సింపథెటిక్ వాటా, అంటే ఆపద వేళ ఒంటిని ఉరకలెత్తించే నాడులది.

మూడో నాడి కనుపాపను ముడిచి, దగ్గరి వస్తువు కనిపించేలా కంటి కటకాన్ని సర్దుతుంది. అది వదలకుండా పనిచేస్తే కన్ను దగ్గరి చూపులోనే బిగుసుకుపోయి దూరం మసకబారుతుంది. పొద్దెక్కాక ఆయన "కండ్లు మసక మసక" అన్నది ఇదే, విషానికి మొదటి సాక్ష్యం. ఏడో నాడి కన్నీటినీ, దవడ కింద, నాలుక కింద ఉండే గ్రంథుల లాలాజలాన్నీ నడుపుతుంది. తొమ్మిదోది చెవి ముందున్న పరోటిడ్ గ్రంథిది. మామూలు రోజున మనకు లీటరు, లీటరున్నర లాలాజలం ఊరుతుంది, తెలియకుండా మింగేస్తాం. ఈయనకు ఊరుతున్నదాన్ని మింగే ఓపిక లేదు.

పదోది వేగస్. మిగతా మూడూ తలలోనే ఆగిపోతే ఇది మెడ దిగి, ఛాతీ దాటి, పెద్దపేగు మధ్య దాకా పోతుంది. గుండెలో సహజంగా లయ పుట్టించే కణుపును దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొడుతుంది. కూర్చున్న మనిషికి 70 దగ్గర ఉంటుందంటే వేగస్ పట్టి ఉంచడం వల్లే. ఆ పట్టు ఇంకా బిగిస్తే ఈయనలో 48 అయింది. శ్వాసనాళాలను కొంచెం ఇరుకు చేసి, లోపలి గోడలు ఎండిపోకుండా గ్రంథుల చేత తడి ఊరించడం కూడా వేగస్ పనే. తిన్నది అరగడానికి పొట్టలో ఆమ్లం, పేగుల కదలిక, క్లోమం రసాలు అన్నీ దాని ప్రేరణతోనే. ఇక త్రికాస్థి నాడులు మూత్రాశయాన్ని ముడిచి ఖాళీ చేయిస్తాయి, మలాన్ని బయటికి పంపుతాయి.

ఇందులో ఏదీ చెడ్డ పని కాదు. అన్నం తిని, అరుగు మీద నడుం వాల్చిన మనిషికి ఇవన్నీ కావాలి. గ్రహించాల్సిందల్లా ఈ నాడులు తమ మాట చెప్పడానికి వాడే పదార్థం ఎసిటైల్‌కోలిన్ అనీ, ఆ పదార్థం పని అయిన మరుక్షణం మాయం కావాలనీ. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఓటో లోవీ రెండు కప్ప గుండెలతో చేసిన ప్రయోగంలో మొదట బయటపడింది ఈ పదార్థమే. ఒక గుండెకున్న వేగస్ నాడిని ప్రేరేపించి నెమ్మదింపజేసి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండె మీద పోస్తే, నాడితో పనిలేకుండానే అదీ నెమ్మదించింది. లోవీకీ, హెన్రీ డేల్‌కీ 1936లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఒక్క ఎంజైము అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను తుంచేస్తుంది. మన చెరువుల కింద నీరటి ఉంటాడు కదా, తూము ఎత్తి మడులు తడవగానే దించేస్తాడు. పంటకు నీళ్ళు ఎంత అవసరమో, వేళకు తూము దించే మనిషీ అంతే అవసరం. ఆర్గానోఫాస్ఫేట్ మందు ఈ ఎంజైముకు అతుక్కుని దాన్ని పనికి రాకుండా చేస్తుంది. పురుగు చచ్చేది ఇట్లాగే, మనిషికి ప్రమాదం వచ్చేదీ ఇట్లాగే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈయన లక్షణాలన్నీ పారాసింపథెటిక్ ఖాతాలోవి కావు. చెమట గ్రంథులకు వెళ్ళేవి సింపథెటిక్ నాడులు, కాకపోతే అక్కడ అవి కూడా ఎసిటైల్‌కోలిన్‌నే వాడతాయి. కండరాల అదురు చలన నాడులది. మత్తు మెదడుది. ఎసిటైల్‌కోలిన్ పనిచేసే ప్రతి చోటా ఎంజైము దెబ్బతింటుంది. సింపథెటిక్ వైపు నాడీ కణుపుల్లో కూడా ఇదే పదార్థం ఉండడం వల్ల కొందరు ఓపీ రోగులు నాడి 120తో, బీపీ ఎక్కువై వస్తారు. నాడి వేగంగా ఉంది కాబట్టి ఇది ఓపీ కాదు అనుకుంటే ఆ రోగికి ఆలస్యం జరుగుతుంది. నాడి ఎంతున్నా ఛాతీలో తడి చప్పుడు, చిన్న కనుపాపలు, ఆగని చెమట కలిసి కనిపిస్తే పత్తి, మిర్చి సీజన్లో ఈ ప్రాంతంలో మొదట తలుచుకోవాల్సింది ఇదే.

మొదటి గంట

ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాం. ఆక్సిజన్ పెట్టి, సక్షన్‌తో నోరూ గొంతూ శుభ్రం చేశాం. ఒక సిస్టర్, ఇద్దరు అటెండర్లు గ్లౌజులు, ఏప్రాన్లు వేసుకుని బట్టలు కత్తిరించి తీసేసి, సబ్బు నీళ్ళతో తల నుంచి పాదాల దాకా కడిగారు. వెంట్రుకలు, చెవుల వెనక, చంకలు, బొడ్డు, గజ్జలు, గోళ్ళ సందులు. కిటికీలు తెరిచిపెట్టాం. బట్టలను రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి, ఇంటికి తీసుకుపోయి ఉతకొద్దని చెప్పి పక్కన పెట్టాం. కడిగే పని ఒకవైపు, దీనికి విరుగుడైన అట్రోపిన్ ఇంజెక్షన్ మరోవైపు. కడగడం కోసం అట్రోపిన్ ఆపలేదు.

అట్రోపిన్ ఎసిటైల్‌కోలిన్‌ను తగ్గించదు. ఎసిటైల్‌కోలిన్ పోయి కూర్చునే మస్కరినిక్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. గ్రంథులు, శ్వాసనాళాలు, గుండె, పేగులు, కనుపాప అన్నిట్లో పనిచేసేవి ఈ రకం గ్రాహకాలే. మన దగ్గర దొరికే ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. మొదట 3 ఆంప్యూళ్ళు. అయిదు నిమిషాలు ఆగి ఛాతీ విన్నాం, ఏ మార్పూ లేదు. 6 ఇచ్చాం. మళ్ళీ అయిదు నిమిషాలు, పిల్లికూతలు కాస్త తగ్గాయి, తడి అట్లాగే ఉంది. 12. నాడి 84కు వచ్చింది, ఊపిరితిత్తుల పై భాగాలు విచ్చుకున్నాయి, కింద ఇంకా బుడబుడలు. 24. దాంతో 45 ఆంప్యూళ్ళు, 27 మిల్లీగ్రాములు. ఛాతీ కింది దాకా శుభ్రంగా గాలి వినిపించింది. చంకలో చేయి పెడితే పొడి. నాడి 104, బీపీ 118/70, ఆక్సిజన్ 96.

ఒక రోగికి ఇరవై నిమిషాల్లో 45 ఆంప్యూళ్ళు అంటే కొత్తగా చేరిన డాక్టర్లకు చెయ్యి ఆడదు. మత్తు ఇచ్చే ముందు ఒక ఆంప్యూల్ ఇచ్చే అలవాటుతో చూస్తే ఇది భయపెట్టే లెక్కే. కానీ ఇక్కడ మోతాదును నిర్ణయించేది ఛాతీ. ప్రతి అయిదు నిమిషాలకూ రెట్టింపు చేస్తూ పోవాలి, అంతే మోతాదును మళ్ళీ మళ్ళీ ఇస్తూ కూర్చుంటే గంటలు గడుస్తాయి, ఆ గంటల్లోనే ఊపిరి ఆగిపోతుంది.

ఎక్కడ ఆపాలన్నది మరో చిక్కు. కనుపాపలు పెద్దవయ్యే దాకా ఇస్తామనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కంట్లో నేరుగా మందు తుంపరలు పడ్డ రైతుకు కనుపాప చాలాసేపు చిన్నగానే ఉండిపోతుంది, దాన్ని నమ్ముకుంటే అట్రోపిన్ ఎక్కువైపోతుంది. నాడి మీదే చూపు పెడితే జ్వరం, నీళ్ళ కొరత వల్ల పెరిగిన నాడిని చూసి తొందరగా ఆపేస్తాం. నేను మొదట ఛాతీనీ, తర్వాత చంకనూ నమ్ముతాను. చంపేది ఊపిరితిత్తుల తడి. ఆ తడిని చూసి గుండె వల్ల వచ్చిన నీరని పొరబడి, నీరు లాగేసే ఇంజెక్షన్లు ఇచ్చి పంపిన రోగులూ మాకు వస్తుంటారు. వేగస్ ప్రేరణతో గ్రంథుల్లోంచి ఊరే తడి మూత్రం రూపంలో బయటికి పోదు, అట్రోపిన్‌తోనే ఆగాలి.

ఆ తర్వాత గంటకు 2.7 మిల్లీగ్రాములు, అంటే మొత్తం ఇచ్చినదాంట్లో పదో వంతు, డ్రిప్‌గా నడిపాం.

ఈలోగా కొడుకు ఇంటికి పోయి డబ్బా ఫోటో పంపాడు. మోనోక్రోటోఫాస్ 36 శాతం, అత్యంత విషమని చెప్పే ఎర్ర త్రికోణం గుర్తు. డబ్బా పేరు తెలియడం మాకు నిజంగా పనికొస్తుంది. ఓపీ మందుల్లో ఇది డైమిథైల్ అనే రకం. ఎంజైముకు అతుక్కున్న మందు కొన్ని గంటల్లో విడదీయలేనంతగా గట్టిపడిపోతుంది. ఈ రకంలో సగం ఎంజైము అట్లా అయ్యేందుకు నాలుగు గంటలు కూడా పట్టదు. ఎంజైమును మందు నుంచి విడిపించాలని ఇచ్చే ప్రాలిడాక్సిమ్ వల్ల ఎంత మేలన్న దాని మీద వాదన ఉంది. 2006లో మహారాష్ట్రలోని బారామతి నుంచి వచ్చిన పరిశోధన ఎక్కువ మోతాదులో మేలుందని చెప్పింది. 2009లో శ్రీలంకలో జరిగినది మేలేమీ కనబడలేదంది. ఈయన పొద్దున్నుంచి తడుస్తూనే ఉన్నాడు, సాయంత్రం దాకా చర్మం నుంచి కొత్తగా ఎక్కింది కూడా ఉంటుంది కాబట్టి ఇచ్చాం. దాని మీద ఆశలు పెట్టుకుని అట్రోపిన్ మీద చూపు తప్పించలేదు.

రక్తంలో ఆ ఎంజైము ఎంత పనిచేస్తోందో చూసే కోలినెస్టరేజ్ పరీక్ష రాత్రికి వచ్చింది. ల్యాబ్ కనీస పరిమితిలో పదో వంతు కూడా లేదు. ఈ రిపోర్టు కోసం ఆగి వైద్యం మొదలుపెట్టే పద్ధతి మాత్రం ఎవరూ పెట్టుకోకూడదు.

రెండో రాత్రి

రెండో రోజు పగలు బాగానే గడిచింది. పేర్లు గుర్తుపట్టాడు, నీళ్ళు అడిగాడు. రాత్రికి మనిషి మారిపోయాడు. దుప్పటి దారాలు లాగడం, గాల్లో ఏదో పట్టుకోవడం, అక్కడ లేని ఎద్దులను అదిలించడం. ఒళ్ళు కాలిపోతోంది, 101.8 డిగ్రీలు. నోరు పిడచకట్టుకుపోయింది. పొట్ట మీద స్టెతస్కోపు పెడితే పేగుల చప్పుడే లేదు. పొత్తికడుపు ఉబ్బి ఉంది, మూత్రాశయం నిండిపోయింది. అప్పుడు ఆయన అత్త మంచం పక్కన నిలబడి, "ఉమ్మెత్తకాయ తిన్నోని తీరుగ చేస్తుండు బిడ్డా" అంది నాతో.

ఆమె మాట అక్షరాలా సరైనది. ఉమ్మెత్తలో ఉండేవి అట్రోపిన్ కుటుంబానికి చెందిన పదార్థాలే. అవి పారాసింపథెటిక్ నాడుల మాటను అవయవాలకు చేరనివ్వవు. మొదటి రోజు చూసిన ప్రతి లక్షణానికీ ఎదురు లక్షణం ఇప్పుడు కనబడుతోంది. అప్పుడు నోరు కారింది, ఇప్పుడు ఎండింది. అప్పుడు పేగులు ఆగకుండా కదిలాయి, ఇప్పుడు చప్పుడు లేదు. అప్పుడు మూత్రం ఆగలేదు, ఇప్పుడు రావడం లేదు. చర్మం మీద చెమట లేకపోవడంతో వేడి బయటికి పోక జ్వరం.

అట్రోపిన్ డ్రిప్ ఆపాం, మూత్రానికి గొట్టం వేశాం, తడి గుడ్డలతో తుడిచాం. గంట లోపు కాస్త కుదురుకున్నాడు. మొదటి వేగంలో ముప్పాతిక వంతుకు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాం. పూర్తిగా మానేయలేదు, ఎందుకంటే ఒంట్లో ఇంకా మిగిలిన మందు మళ్ళీ తడి తెచ్చే వీలుంది. ఈ గీత మీద నడిపించడానికి ప్రతి గంటకూ ఒక మనిషి వచ్చి ఛాతీ విని, చంక తడిమి, పొట్ట విని, టెంపరేచర్ చూసి కాగితం మీద రాయాలి. ఖరీదైన యంత్రమేదీ ఈ పని చేయదు. మా సిస్టర్లు చేశారు.

మూడో రోజు పొద్దున

నేను రౌండ్స్‌కు వెళ్ళేసరికి భార్య చెంచాతో చాయ్ పోయబోతోంది. "తల లేస్తలేదు సారు, నిన్న తనే లేసి తాగిండు" అంది. ఛాతీ పొడిగా ఉంది, కనుపాపలు బాగున్నాయి, తెలివి బాగుంది. "అన్నా, దిండు మీది నుంచి తల లేపు" అన్నాను. గడ్డం కొద్దిగా కదిలింది, తల లేవలేదు. భుజాల దగ్గర చేతులు ఎత్తలేకపోతున్నాడు. పిడికిలి మాత్రం గట్టిగానే పట్టాడు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే 11 దగ్గర ఆగిపోయాడు.

దీన్ని 1987లో శ్రీలంక డాక్టర్లు సేనానాయకే, కరల్లియెద్దే ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని వర్ణించారు. విషం ఎక్కిన తర్వాత ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మొదటి గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక వస్తుంది. మెడను వంచే కండరాలు, భుజాలు, తుంటి, ఊపిరి తీసే కండరాలు బలహీనమవుతాయి. ఎసిటైల్‌కోలిన్ ఎక్కువసేపు నిలిచిపోవడంతో నాడీ కండరమూ కలిసే సంధి అలసిపోతుంది. అక్కడ ఉండేవి నికోటినిక్ అనే వేరే రకం గ్రాహకాలు. ఇది పారాసింపథెటిక్ పరిధిలోది కాదు కాబట్టి అట్రోపిన్ ఎంత పోసినా తల లేవదు. ఆ పొద్దున అట్రోపిన్ పెంచుదామా అని నా జూనియర్ అడిగినప్పుడు చెప్పింది ఇదే. మందు పెంచడం కాదు, ఊపిరి కాపలా కావాలి అన్నాను.

మధ్యాహ్నానికి అంకెలు 6కు తగ్గాయి, దగ్గు బలం పోయింది. ఆక్సిజన్ పడిపోయే దాకా ఆగకుండా గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. గొట్టం వేసేటప్పుడు కండరాలను కాసేపు వదులు చేయడానికి మామూలుగా వాడే సక్సినైల్‌కోలిన్ వాడలేదు. దాన్ని కరిగించే ఎంజైము కూడా ఇదే కుటుంబంలోది, ఈయనలో అది పనిచేయడం లేదు. కొన్ని నిమిషాల్లో పోవాల్సిన పక్షవాతం గంటలు గంటలు ఉండిపోతుంది. ఆ ఎంజైముతో పనిలేని రోక్యురోనియం వాడాం. ఓపీ కేసులో ఈ ఒక్క సంగతి మరచిపోవద్దని ఎమర్జెన్సీలో పనిచేసే ప్రతి డాక్టరుకూ చెబుతాను.

వెంటిలేటర్ మీద తొమ్మిది రోజులు. మధ్యలో కుడి వైపు చిన్న న్యుమోనియా వచ్చి తగ్గింది. మొదట మెడ బలం వచ్చింది, తర్వాత భుజాలు, చివరికి ఊపిరి. గొట్టం తీసిన రోజు తల లేపి భార్య వైపు చూశాడు. ఆస్పత్రిలో చేరిన 17వ రోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

ఒంట్లోకి ఎట్లా ఎక్కింది

మందు తాగిన మనిషికి ఇంత తీవ్రంగా రావడం అందరికీ తెలుసు. కొడుతూ కొడుతూ ఇంత దాకా వస్తుందా అని చాలామంది అడిగారు. వస్తుంది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. మన దగ్గర నల్లరేగడిలో పత్తి సెప్టెంబరుకు ఛాతీ ఎత్తు వస్తుంది. పచ్చదోమ, పేనుబంక, తామర పురుగు కలిసి వస్తాయి. పైరు ఎత్తు మీదికి పంపు గన్ను పెట్టి కొడితే తుంపర మొహం మీదికే వస్తుంది.

ఆయన కోలుకున్నాక అడిగి రాసుకున్నవి ఇవి. డబ్బా మూత తీసేటప్పుడు చిక్కటి మందు తొడ మీద ఒలికింది, తుడుచుకుని పనిలో పడ్డాడు. పంపు మూత దగ్గర కారుతోంది, వీపు మీదుగా నడుము దాకా తడిసింది. కట్టెతో కలపాల్సింది చేత్తో కలిపాడు. మూతికి కట్టుకున్న తువ్వాల తుంపరలో తడిసి ముద్దయింది, అదే తువ్వాలతో చెమట తుడుచుకున్నాడు. మధ్యలో రెండుసార్లు బీడీ కాల్చాడు.

వీటిలో వీపు, నడుము తడి నాకు ఎక్కువ ముఖ్యం. చెమట పట్టిన చర్మం ఎక్కువ పీలుస్తుంది. ముంజేతితో పోలిస్తే గజ్జల దగ్గరి చర్మం ఎన్నో రెట్లు ఎక్కువ పీలుస్తుంది. కారే పంపు నీళ్ళు దిగేది సరిగ్గా అక్కడికే. మాస్కు గురించి చాలామంది చెబుతారు, చెప్పాలి కూడా. కానీ పంపు మూత రబ్బరు వాషర్ మార్చుకోవడం, కారే పంపుతో చేనుకు పోకపోవడం, తడిసిన బట్టను అక్కడికక్కడే విప్పి సబ్బుతో కడుక్కోవడం గురించి ఎవరూ చెప్పరు. మందు కొట్టేటప్పుడు కళ్ళు మసకబారితే, నోట్లో నీళ్ళు ఊరితే, ఛాతీ పట్టేసినట్టుంటే అది ఎండ వల్ల అనుకోకుండా పంపు దించేయాలి. మిగిలిన రెండు పంపులు రేపు కొట్టుకోవచ్చు.

ఊళ్ళల్లో మొదట చూసే వైద్యులకు ఒక విన్నపం. చేన్లో నుంచి వచ్చిన మనిషికి సెలైన్ పెట్టే ముందు టార్చితో కనుపాపలు చూడండి, ఛాతీ వినండి, బట్టలు విప్పించి కడిగించండి. అనుమానం వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, 108కో వెంటనే ఫోన్ చేయించండి. అట్రోపిన్ మొదలుపెట్టి పంపిన రోగి దారిలో ఊపిరి పోకుండా చేరతాడు.

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్రం ఎప్పుడో చెప్పింది. ఈ 36 శాతం ద్రావణాన్ని 2023లో పూర్తిగా నిషేధించింది, పాత నిల్వలు అయిపోవడానికి కొంత గడువిచ్చింది. అదే గుంపులోని క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ లాంటివి ఇంకా చేన్లలో ఉన్నాయి. వాటిలో కొన్ని దీనికన్నా తక్కువ విషమే అయినా ఎంజైముకు చేసే హాని ఇదే రకం.

ఇంటికి వెళ్ళాక

మూడు వారాల తర్వాత పరీక్షకు రమ్మన్నాను. కొందరిలో రెండు మూడు వారాలకు పాదాలు తిమ్మిరెక్కి, మడమ మీద నడవలేకపోవడం మొదలవుతుంది. ఈయనకు రాలేదు. మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించి చూశాం. కోలినెస్టరేజ్ పెరిగింది కానీ కనీస పరిమితిని ఇంకా చేరలేదు. ఎర్ర రక్తకణాల్లోని ఎంజైమును పూర్తిగా తిరిగి తెచ్చేది కొత్త కణాలే, రోజుకు దాదాపు ఒక శాతం చొప్పున. అప్పటి దాకా మళ్ళీ మందు ముట్టుకుంటే కొంచెం మోతాదుకే మళ్ళీ పడిపోతాడు. ఈ సీజన్ చేనుకు మందు కొట్టొద్దని గట్టిగా చెప్పాను.

"మరి ఎవలు కొట్టాలె సారు" అని ఆయన అడగలేదు, భార్య అడిగింది. మాటల్లో తెలిసింది, రోజంతా పంపు నింపింది ఆమేనని. బాయి నుంచి బిందెలతో నీళ్ళు మోసి, డబ్బా మూతతో మందు కొలిచి పోసి, పంపు ఎత్తి ఆయన భుజాన పెట్టింది. సాయంత్రం ఆయన బట్టలతో పాటు పిల్లల బట్టలూ కలిపి చేత్తో ఉతికేది. మందు కొట్టిన రాత్రల్లా నెత్తి నొప్పి, వికారం ఉంటాయని, ఎండకు తిరుగుడు వల్ల అనుకున్నానని చెప్పింది. మేము అన్ని రోజుల్లో ఆమెను ఆ మాట అడగలేదు, ఎందుకంటే మంచం మీద ఉన్నది ఆమె కాదు.

అప్పుడే ఆమె రక్తం కూడా పంపాం. కోలినెస్టరేజ్ మామూలు కనీస పరిమితికి కిందే ఉంది. పైకి ఏ లక్షణమూ లేదు. ఇప్పుడు మందు కొట్టిన రైతు ఎవరొచ్చినా కేసు షీటులో ఒక వరుస అదనంగా రాయిస్తున్నాను: మందు కలిపింది ఎవరు, బట్టలు ఉతికింది ఎవరు. వాళ్ళకూ అదే రోజు కనుపాపలు చూసి, రక్తం తీసి పంపుతున్నాం.